కంప్యూటరు హెచ్చరిస్తోందా? ఆ మాట ఎవరిదో ముందు చూడండి



పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోగా కరెంటు బిల్లు కట్టేద్దామని హాల్లో కంప్యూటరు ముందు కూర్చుంటాం. తెర వెలిగిందో లేదో, కుడివైపు కింది మూల నుంచి ఎర్రటి చీటీ ఒకటి పైకి లేస్తుంది. "మీ కంప్యూటరులో అయిదు వైరస్‌లు చేరాయి, వెంటనే శుభ్రం చేయండి" అంటుంది. దాన్ని మూస్తే ఇంకొకటి. అదీ మూసి బిల్లు కట్టే చోటికి వెళ్ళబోతే, "ఈ సైటు క్షేమం కాదు" అంటూ తెరంతా పరుచుకుని మరో హెచ్చరిక. ఈలోగా వంటింట్లో పాలు పొంగనే పొంగుతాయి.

మా ఇంట్లో ఈ భాగోతం పదిరోజుల పాటు నడిచింది. మావారు "అది అలాగే అరుస్తుంది, పట్టించుకోకు" అన్నారు. మా అత్తగారు "వైరస్ అంటోంది, పిల్లల్ని దాని దగ్గర కూర్చోబెట్టకండర్రా!" అని కంగారుపడ్డారు. వినడానికి నవ్వొచ్చినా, మనలో చాలామంది చేసేవి ఈ రెండు పనులే. అయితే భయపడిపోయి అది చెప్పినట్టల్లా చేస్తాం. లేకపోతే విసిగిపోయి ఏమొచ్చినా చదవకుండా మూసేస్తాం. మొదటి పని చేస్తే మోసగాడి చేతికి చిక్కుతాం. రెండోది అలవాటైతే 'నాన్నా పులి' కథలాగా, నిజం పులి వచ్చిన రోజున కూడా కదలం.

మరి ఏం చెయ్యాలి? హెచ్చరిక ఏమంటోందో చదవబోయే ముందు, ఆ మాట ఎవరు అంటున్నారో చూడాలి. తలుపు చప్పుడైతే "ఎవరది?" అని అడిగాకనే కదా గడియ తీస్తాం! ఇక్కడా అంతే.

మన కంప్యూటరు తెర మీద మాట్లాడేవాళ్ళు ముగ్గురు. ఒకటి, వెబ్‌సైట్లు. వీళ్ళు వీధిలో కేకలేసుకుంటూ పోయే వాళ్ళలాంటివారు. మంచివాళ్ళూ వుంటారు, మాయగాళ్ళూ వుంటారు. రెండు, బ్రౌజరు. అంటే వెబ్‌సైట్లు చూడ్డానికి మనం తెరిచే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ లాంటివి. ఇది గేటు దగ్గర వాచ్‌మన్. వచ్చినవాళ్ళ గుర్తింపు కాగితం చూసి మనకి కబురు చెబుతుంది. మూడు, విండోస్. అంటే కంప్యూటరుని నడిపించే అసలు ప్రోగ్రాం. ఇది ఇంటి మనిషి. ఈ ముగ్గురి మాటా విడదీసి వినడం వస్తే సగం బెడద తీరినట్టే.

ముందుగా వీధిలో వాళ్ళ సంగతి. రోజూ మూల నుంచి లేచే ఆ ఎర్ర చీటీలు చాలావరకు వీళ్ళవే. వీటిని నోటిఫికేషన్లు అంటారు. ఇవి వాటంతట అవి రావు, మనమే రానిస్తాం. మా ఇంట్లో ఆ ఘనకార్యం చేసింది నేనే. మగ్గం పని జాకెట్ల నమూనాల కోసం వెతుకుతూ ఏదో పేజీ తెరిచాను. "మీరు రోబో కాదని తెలియడానికి అలో నొక్కండి" అని వుంది. మనిషినే కదా అని నొక్కాను. నిజానికి ఆ 'అలో' బొత్తాం, నేను మనిషినా కాదా అని అడగడానికి కాదు. "ఇకమీదట మీ తెర మీద మా చీటీలు వేసుకోవచ్చా?" అని అడగడానికి. నేను సరే అన్నానన్నమాట! అప్పటినుంచి ఆ పేజీ మూసేసినా, బ్రౌజరు తెరవకపోయినా కూడా చీటీలు రావడం మొదలైంది.

వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. చీటీ మీద పెద్ద అక్షరాలు వదిలేసి చిన్న అక్షరాలు చదవండి. బ్రౌజరు పేరో, ఎన్నడూ వినని ఏదో వెబ్‌సైటు పేరో కనిపిస్తుంది. పక్కన డాలు బొమ్మ వుండవచ్చు, పేరున్న కంపెనీ గుర్తు వుండవచ్చు. బొమ్మ ఎవరైనా అతికించుకోవచ్చు. ఇంకో సంగతి. వెబ్‌సైటు అనేది మన కంప్యూటరులో ఎన్ని వైరస్‌లు వున్నాయో వెతికి లెక్కపెట్టలేదు. వీధిలో పోయేవాడు మన వంటింటి డబ్బాల్లో పురుగు పట్టిందని ఎలా చెప్పగలడు? కాబట్టి ఆ అయిదు వైరస్‌ల లెక్క ఉత్త బూటకం.

వదిలించుకునే పద్ధతి చెబుతాను, కాగితం మీద రాసుకోండి. క్రోమ్‌లో కుడివైపు పైమూలన నిలువుగా మూడు చుక్కలు వుంటాయి. వాటిని నొక్కి 'సెట్టింగ్స్' తెరవండి. అందులో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', దానిలో 'సైట్ సెట్టింగ్స్', దానిలో 'నోటిఫికేషన్స్'. అక్కడ మనం అనుమతి ఇచ్చిన సైట్ల పట్టిక కనిపిస్తుంది. మీకు తెలియని ప్రతి పేరు పక్కనా వున్న చుక్కలు నొక్కి 'బ్లాక్' చేయండి. మా పట్టికలో పదకొండు పేర్లు వున్నాయి, అందులో ఒక్కటీ నేను ఎరిగినది కాదు! ఆ పేజీలోనే, ఇకమీదట ఏ సైటూ ఇలా అడగకుండా చేసే ఏర్పాటు కూడా వుంది. ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ వాడేవారు సెట్టింగ్స్ తెరిచి, అక్కడి వెతికే పెట్టెలో 'నోటిఫికేషన్స్' అని టైపు చేస్తే ఇదే చోటికి చేరుకుంటారు. అప్పటికీ చీటీలు ఆగకపోతే 'ఎక్స్‌టెన్షన్స్' అనే చోట చూడండి. మీరు పెట్టుకోని చిన్న ప్రోగ్రాం ఏదైనా అక్కడ తిష్ఠవేసి వుంటే తీసేయండి.

ఈ చీటీలకి పెద్దన్న ఒకడున్నాడు. ఏదో పేజీ చూస్తుండగా ఉన్నట్టుండి తెరంతా నీలంగానో ఎర్రగానో మారి, సైరన్ మోగి, "మీ కంప్యూటరు బంధింపబడింది, ఆపకండి, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని వస్తుంది. మూద్దామంటే మూతపడదు. దీని దెబ్బ తిన్నది మా వదిన.

ఆ రోజు ఇంట్లో ఆవిడ ఒక్కతే వుంది. సైరన్ చప్పుడుకి గుండె దడ పుట్టి ఆ నంబరుకి ఫోన్ చేసింది. అవతలి మనిషి ఎంతో మర్యాదగా, "కంగారుపడకండి మేడమ్, నేను చూస్తాను" అన్నాడు. దూరం నుంచే కంప్యూటరును నడిపించే ప్రోగ్రాం ఒకటి పెట్టించాడు. తరువాత ఒక పట్టిక తెరిచి వందల కొద్దీ ఎర్ర గుర్తులు చూపించి, ఇవన్నీ వైరస్‌లే అన్నాడు. ఇక్కడే వుంది కిటుకు. ఆ పట్టిక విండోస్ తన రోజువారీ పనుల గురించి రాసుకునే చిట్టా. చిన్నచిన్న పొరపాట్లు ప్రతి కంప్యూటరు చిట్టాలోనూ వుంటాయి, కొత్తగా కొన్నదానిలో కూడా. ఆ సంగతి తెలియని వదిన, బాగుచేసినందుకు రుసుము కట్టమంటే, అతను చూస్తుండగానే బ్యాంకు ఖాతా తెరిచింది. ఓటీపీ కూడా చెప్పింది. కూతురి కాలేజీ ఫీజు కోసం దాచిన డబ్బులో నలభై వేలు ఆ పూటే పోయాయి.

అంతకంటే నన్ను బాధపెట్టిన సంగతి ఇంకొకటి వుంది. వదిన రెండురోజుల పాటు ఎవరికీ చెప్పలేదు. "చదువుకున్నదానివి, ఆమాత్రం తెలీదా?" అంటారని సిగ్గుపడింది. ఆ రెండురోజుల్లో ఇంకో ముప్ఫై వేలు పోయింది. మొదటిసారి పోయింది భయంవల్ల, రెండోసారి పోయింది సిగ్గువల్ల.

అందుచేత ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఫోన్ నంబరు ఇచ్చే హెచ్చరిక దొంగ హెచ్చరిక. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ వుండదని విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ కంపెనీయే స్పష్టంగా చెప్పింది. అలాంటి తెర వస్తే ముందు చప్పుడు తగ్గించండి. 'ఎస్కేప్' మీట కాసేపు నొక్కి పట్టుకుంటే చాలాసార్లు తెర చిన్నదవుతుంది, అప్పుడు మూసేయవచ్చు. లొంగకపోతే 'కంట్రోల్', 'ఆల్ట్', 'డిలీట్' మీటలు మూడూ ఒక్కసారి నొక్కి, 'టాస్క్ మేనేజర్' తెరిచి, బ్రౌజరు పేరు మీద 'ఎండ్ టాస్క్' నొక్కండి. మళ్ళీ బ్రౌజరు తెరిచినప్పుడు "పాత పేజీలు తిరిగి తెరవనా?" అని అడిగితే వద్దనండి. అంతే. సైరన్ మోగినంత మాత్రాన కంప్యూటరుకి ఏమీ కాదు. ఫోన్ చేస్తేనే ప్రమాదం.

ఇక వాచ్‌మన్ మాట. బ్యాంకుకో, కరెంటు ఆఫీసు సైటుకో వెళ్ళబోతే, "మీ కనెక్షన్ ప్రైవేటు కాదు" అని బ్రౌజరు అడ్డుపడుతుంది. ప్రతి మంచి వెబ్‌సైటు దగ్గరా సర్టిఫికెట్ అనే గుర్తింపు పత్రం వుంటుంది. మన బస్సు పాసు మీద లాగే దాని మీద కూడా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని వుంటుంది. 2020 సెప్టెంబరులో ఈ పత్రాల గడువు 398 రోజులకు మించకూడదని పరిమితి పెట్టారు. బ్రౌజరు ఆ తేదీలను మన కంప్యూటరు గడియారంతో సరిపోల్చి చూస్తుంది.

ఒక్క సైటుకే ఈ హెచ్చరిక వస్తే తప్పు ఆ సైటుది కావచ్చు. ఏ సైటు తెరిచినా వస్తోందా? అయితే ముందు మన గడియారం చూసుకోవాలి. వేసవి సెలవులకి పుట్టింటికి వెళ్తూ మేము ప్లగ్గు పీకేసి వెళ్ళాం. నెలన్నర తరువాత వచ్చి పెడితే కంప్యూటరు ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తోంది. అది పాత ఏడాదిలో వుంటే, నిన్నగాక మొన్న ఇచ్చిన పత్రాలన్నీ దానికి "ఇంకా పుట్టని" పత్రాలే కదా! అందుకే అన్నిటినీ ఆపేసింది. వాచ్‌మన్ తప్పేమీ లేదు, అతని చేతిలో పెట్టిన క్యాలెండరే పాతది.

కుడివైపు కింద టైము కనిపించే చోట మౌస్ కుడి బొత్తాం నొక్కి, తేదీ, టైము సరిచేసే పేజీ తెరవండి. 'సెట్ టైమ్ ఆటోమాటికల్లీ' అన్నది ఆన్‌లో వుండాలి. టైమ్ జోన్ దగ్గర చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ పేర్లు వున్న వరుస వుండాలి. ఇలా సరిచేశాక కూడా, ప్లగ్గు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే, లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయిందని అర్థం. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. మేజా మీద పెట్టుకునే కంప్యూటర్లలో ఎక్కువగా సి.ఆర్. 2032 అనే బిళ్ళ వుంటుంది. 20 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 3.2 మిల్లీమీటర్ల మందం, అదే ఆ అంకెల అర్థం. మూడు వోల్టులది. పెద్ద ఖర్చు కాదు. మరమ్మతు చేసే అబ్బాయిని పిలిస్తే అయిదు నిమిషాల్లో మారుస్తాడు. బిళ్ళ సంగతి మీకు ముందే తెలుసని చూచాయగా అనండి. కంప్యూటరే మార్చేయాలనే మాట రాదు!

గడియారం సరిగ్గానే వుండి, ఒక్క బ్యాంకు సైటుకే ఈ హెచ్చరిక వస్తే మాత్రం, "ఫర్వాలేదు, ముందుకు పోనీ" అనే దారి నొక్కకండి. అక్కడ పాస్‌వర్డు కొట్టకండి. రైల్వే స్టేషన్లో, హోటల్లో వై-ఫై పెట్టుకున్నప్పుడు వస్తే మరీ జాగ్రత్త. ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

మూడోది ఇంటి మనిషి మాట. దీన్ని కొట్టిపారేయకూడదు. అయితే నిజంగా ఇంటి మనిషే అన్నాడా అని ఎలా తెలుస్తుంది? చీటీ నొక్కకుండా, మీరే 'స్టార్ట్' నొక్కి 'విండోస్ సెక్యూరిటీ' అని వెతికి తెరవండి. హెచ్చరిక నిజమైతే అక్కడ కూడా కనిపిస్తుంది. లేకపోతే అది వీధివాడి కేకే. ఆకుపచ్చ గుర్తు వుంటే అంతా సవ్యం. పసుపు వుంటే ఏదో సలహా, తీరిగ్గా చదవవచ్చు. ఎరుపు వుంటే ఆరోజే చూడాలి.

ఇక్కడ పదేపదే వచ్చే ఫిర్యాదులు మూడు. మొదటిది గడువు తీరిన యాంటీవైరస్. కొత్త కంప్యూటరుతో బాటు నెలకో, ఏడాదికో ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రాం, గడువు తీరాక డబ్బు కట్టమని రోజూ గొడవ చేస్తుంది. అక్కర్లేదనుకుంటే సెట్టింగ్స్‌లోని 'యాప్స్' నుంచి దాన్ని తీసేసి కంప్యూటరు ఒకసారి ఆపి పెట్టండి. విండోస్ 10లోనూ, 11లోనూ డిఫెండర్ అనే కాపలా ప్రోగ్రాం ఉచితంగానే వుంది. ఇంకో యాంటీవైరస్ వుంటే అది పక్కకి తప్పుకుంటుంది, అది పోగానే తనే పనిలోకి దిగుతుంది.

రెండోది, తీసేసినా మళ్ళీ మళ్ళీ దొరికే వైరస్. ఎలకని పట్టి బయట వదిలితే, తూములోంచి మళ్ళీ వచ్చినట్టు. ఆ తూము ఏదో చూడాలి. ఫోటో స్టూడియోకో, జిరాక్స్ షాపుకో తీసుకెళ్ళి తెచ్చిన పెన్‌డ్రైవ్ కావచ్చు. డబ్బు కట్టకుండా దొంగ తాళంతో తెరిచి పెట్టిన ప్రోగ్రాం కావచ్చు. షాపువాడు ఉచితంగా వేసిచ్చానన్న ప్రోగ్రాములు ఎక్కువగా ఈ కోవకి చెందినవే. వాటిని వుంచుకుని హెచ్చరిక మాత్రం పోవాలంటే పోదు. తీసేయండి. ఆ తరువాత విండోస్ సెక్యూరిటీలో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్', దానిలో 'స్కాన్ ఆప్షన్స్' తెరిచి 'ఆఫ్‌లైన్ స్కాన్' ఎంచుకోండి. చేస్తున్న పనులన్నీ ముందే సేవ్ చేసుకోవాలి, ఎందుకంటే కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలవుతుంది. పావుగంట పడుతుంది. విండోస్ లేవకముందే వెతుకుతుంది గనుక, దాక్కునే వైరస్‌లు కూడా దొరుకుతాయి.

మూడోది విండోస్ 10 వాళ్ళకి. 2015లో వచ్చిన ఈ విండోస్‌కి ఉచిత భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్న ఇళ్ళ కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. మీది ఏదో తెలియాలంటే సెట్టింగ్స్‌లో 'సిస్టమ్', అందులో 'అబౌట్' చూడండి. విండోస్ 11కి మారే వీలుంటే మారండి. పాత కంప్యూటర్లు కొన్ని దానికి సరిపోవు. అలాంటిది వుంటే పిల్లల పాటలకీ, ఫోటోలకీ వాడుకోండి, బ్యాంకు పనులు మాత్రం దాని మీద వద్దు.

ఎంత జాగ్రత్తగా వున్నా ఎప్పుడైనా పొరపాటు జరిగితే? మా వదిన అనుభవంతో చెబుతున్నాను. వెంటనే ఇంటర్నెట్టు తీసేయండి. పాస్‌బుక్కు మీదో, కార్డు వెనకో వున్న నంబరు చూసి బ్యాంకుకి ఫోన్ చేయండి. ఇంటర్నెట్టులో వెతికి దొరికిన నంబరు వద్దు, అక్కడా మోసగాళ్ళు కాచుకుని వుంటారు. ఆ వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు అది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే చోట రాతపూర్వకంగా కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. త్వరగా చెబితే డబ్బు ఇంకా దారిలో వుండగానే ఆపే అవకాశం వుంటుంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఓటీపీ లాంటివి మనమే చెప్పి నష్టపోతే, బ్యాంకుకి తెలియజేసేవరకు పోయినది మన ఖాతాలోనే పడుతుంది. తెలియజేశాక పోయినది బ్యాంకు భరించాలి. చూశారా, రెండురోజుల సిగ్గు ఖరీదు ఎంతో! ఆపైన పాస్‌వర్డులన్నీ మార్చండి, అదీ ఇంకో ఫోనులోనో, ఇంకో కంప్యూటరులోనో.

చివరిగా ఇంట్లో వాళ్ళకి కూడా ఒక మాట. మోసపోయిన మనిషిని మందలించడానికి తరువాత బోలెడంత సమయం వుంటుంది. ముందు ఫోన్ చేయనివ్వండి. మందలింపుకి భయపడి దాచుకునే ఇంట్లో దొంగకి ఇంకో రోజు గడువు దొరుకుతుంది.

మేము కంప్యూటరు పక్కన గోడకి ఒక కాగితం అతికించాం. "ఎవరంటున్నారు? టైము సరిగ్గా వుందా? విండోస్ సెక్యూరిటీలో కూడా అదే వుందా? ఫోన్ నంబరు ఇచ్చిందా, అయితే దొంగే." ఈ నాలుగు ముక్కలే దానిమీద రాసింది. అడుగున 1930 అని పెద్ద అంకెలు. ఈ మధ్య మా అత్తగారే మనవడితో, "ఆగరా, అలో నొక్కకు, ముందు ఎవరో కనుక్కో" అంటున్నారు. మీరూ ఇవాళ తీరిక దొరికినప్పుడు మీ నోటిఫికేషన్ల పట్టిక ఒకసారి తెరిచి చూడండి. పిలవని పేరంటాళ్ళు ఎంతమంది చేరారో తెలుస్తుంది.



(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)